చేతి పట్టుతో రాత్రి ఛాయాచిత్రణం

చేతి పట్టుతో రాత్రి ఛాయాచిత్రణం అనగా ట్రైపాడ్ అనబడే ముక్కాలి పీటను గాని, ఫ్లాష్ దీపాన్ని గాని ఉపయోగించకుండా, కెమెరాను చేతులతోనే పట్టుకొని, రాత్రివేళ ఆ ప్రదేశంలో ఉన్న వెలుతురుతోనే ఛాయాచిత్రాలు తీయడం. వీధిదీపాలు, దుకాణాల వెలుగులు, కట్టడాల దీపాలంకరణ, హారతులు, పండుగ జనసందోహం ఇందుకు సాధారణంగా ఎన్నుకొనే విషయాలు. ప్రయాణాలు చేసేవారు ఎక్కువగా ఈ పద్ధతినే అనుసరిస్తారు. ట్రైపాడ్‌ను మోసుకొని తిరగడం కష్టమన్నది ఒక కారణం కాగా, అనేక చారిత్రక కట్టడాలలో దానికి ప్రత్యేక అనుమతి కావలసి ఉండటం, రద్దీ ప్రదేశాలలో దానిని నిలబెట్టే చోటే లేకపోవడం ఇతర కారణాలు. ఈ వ్యాసం ముఖ్యంగా మిర్రర్‌లెస్ కెమెరాలు, అనగా లోపల అద్దం లేని, కటకాలు మార్చుకొనే వీలున్న చిన్న కెమెరాలకు సంబంధించినది.

ఈ పద్ధతిలో మూలసమస్య ఒక్కటే. కాంతి చాలదు. ఆ లోటు తీర్చడానికి షట్టరును ఎక్కువసేపు తెరచి ఉంచాలి, లేదా కటకపు ఎపర్చరును వెడల్పు చేయాలి, లేదా ఐ.ఎస్.ఓ. సంఖ్యను పెంచాలి. మొదటిదాని వలన చిత్రం కదిలిపోవచ్చును. రెండవదాని వలన స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. మూడవదాని వలన చిత్రంపై ఇసుక చల్లినట్లుగా నాయిస్ అనబడే రేణువులు కనబడతాయి. ఈ మూడు నష్టాలు సమానమైనవి కావు. నాయిస్‌ను తరువాత కంప్యూటరులో చాలావరకు తగ్గించవచ్చును. అచ్చు వేసినప్పుడు అది అంతగా కనిపించదు కూడా. కదిలిపోయిన చిత్రాన్ని బాగుచేయడం మాత్రం దాదాపు అసాధ్యం. అందువలన ఐ.ఎస్.ఓ.ను తక్కువగా ఉంచాలనే నియమం పగటివేళ మంచిదే అయినా, రాత్రి చేతి పట్టుతో తీసేవారికి అది హానికరమని చెప్పవచ్చును.

చరిత్ర

రాత్రి ఛాయాచిత్రాలు 19వ శతాబ్దపు చివరి దశాబ్దంలోనే వెలువడినప్పటికీ అవి స్థిరమైన పీటపై నిమిషాల తరబడి కాంతిని పట్టి తీసినవి. ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు బ్రాసాయ్ 1930ల మొదట్లో తీసిన పారిస్ రాత్రి దృశ్యాలు కూడా గాజు పలకల కెమెరాను పీటపై నిలిపి తీసినవే. 1924లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో తయారైన ఎర్మనాక్స్ కెమెరాకు అప్పటి కాలానికి అసాధారణమైన ఎఫ్/2 కటకం, తరువాత ఎఫ్/1.8 కటకం అమర్చారు. దీనితో ఎరిక్ సాలమన్ అనే జర్మన్ పత్రికా ఛాయాచిత్రకారుడు న్యాయస్థానాలలోను, అంతర్జాతీయ సమావేశాలలోను ఫ్లాష్ లేకుండా చిత్రాలు తీసి పేరు పొందాడు. 1925లో వచ్చిన లైకా కెమెరా, 1954లో 35 మి.మీ. పరిమాణంలో వచ్చిన కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్ము ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాయి.

డిజిటల్ కాలంలో రెండు మార్పులు ముఖ్యమైనవి. చేతి వణుకుకు వ్యతిరేక దిశలో సెన్సరునే కదిలించే ఏర్పాటు 2003లో మినోల్టా సంస్థ డైమేజ్ ఏ1 కెమెరాలో వచ్చింది. 2008లో పానసోనిక్ సంస్థ లూమిక్స్ జీ1 పేరుతో మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిలో మొదటి మిర్రర్‌లెస్ కెమెరాను ప్రకటించింది. ఈ రెండూ 2009లో ఒలింపస్ ఈ-పీ1లో ఒకచోట చేరాయి. అయిదు రకాల కదలికలను సరిచేసే స్థిరీకరణ 2012లో అదే సంస్థవారి ఓఎమ్-డీ ఈ-ఎమ్5తోను, పూర్తి పరిమాణపు సెన్సరుతో 2014లో సోనీ ఏ7 మార్క్ 2తోను వచ్చింది. ఒలింపస్ కెమెరా విభాగం 2021 జనవరి నుండి ఓఎమ్ డిజిటల్ సొల్యూషన్స్ అనే వేరు సంస్థ చేతిలో ఉన్నది.

వెలుతురు లెక్క

ఛాయాచిత్రకళలో కాంతి రెట్టింపు కావడాన్ని గాని సగం కావడాన్ని గాని ఒక స్టాప్ అంటారు. ఐ.ఎస్.ఓ. 800 నుండి 1600కు పోవడం ఒక స్టాప్. సెకనులో 60వ వంతు నుండి 30వ వంతుకు పోవడం కూడా ఒక స్టాపే. ఎపర్చరు విషయంలో సంఖ్య తగ్గేకొద్దీ కాంతి పెరుగుతుంది, అదీ వర్గం లెక్కన. కనుక ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 వద్ద సుమారు పది రెట్లు కాంతి లోనికి వస్తుంది.

ఫ్లడ్‌లైట్లతో ఒక మోస్తరుగా వెలిగించిన కట్టడాన్ని ఉదాహరణగా తీసుకొందాము. ఐ.ఎస్.ఓ. 1600, ఎఫ్/1.8 వద్ద దీనికి సుమారు సెకనులో 40వ వంతు సరిపోతుంది. చేతితో తీయడానికి ఇది సులభమే. కెమెరాతోపాటు పెట్టెలో వచ్చే సాధారణ జూమ్ కటకాన్ని పూర్తిగా ముందుకు సాచినప్పుడు దాని ఎపర్చరు ఎఫ్/5.6కు మించి తెరచుకోదు. అప్పుడు అదే దృశ్యానికి సెకనులో నాలుగవ వంతు కావాలి. అనగా ఒకే కెమెరా, ఒకే మనిషి, ఒకే రాత్రి అయినప్పటికీ కటకాన్నిబట్టి చిత్రం దక్కడమో దక్కకపోవడమో నిర్ణయమవుతుంది. రాత్రి చిత్రాల కోసం కొత్త కెమెరా కొనదలచినవారు ముందుగా ఒక వెడల్పు ఎపర్చరు కటకం కొనడం మేలు. ఇవి పెద్దవిగా ఉండనవసరం లేదు. 2009లో పానసోనిక్ విడుదల చేసిన 20 మి.మీ. ఎఫ్/1.7 కటకం బరువు 100 గ్రాములు మాత్రమే.

వెడల్పు ఎపర్చరు వలన స్పష్టమైన లోతు తగ్గిపోతుందన్న భయం చిన్న సెన్సరు విషయంలో అంతగా అవసరం లేదు. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాపై 12 మి.మీ. కటకాన్ని ఎఫ్/2 వద్ద సుమారు 5 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, రెండున్నర మీటర్ల నుండి అనంతం వరకు అంతా స్పష్టంగా వస్తుంది. వీధి దృశ్యానికి ఇంతకంటె ఎక్కువ అవసరముండదు. అయితే ఈ సెన్సరు వైశాల్యం 35 మి.మీ. ఫిల్ము చట్రంలో దాదాపు నాలుగవ వంతే కావడం వలన, అంతే ఐ.ఎస్.ఓ. వద్ద నాయిస్ సుమారు రెండు స్టాపులు ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న కెమెరాకు చెల్లించే మూల్యం ఇదే.

పౌర్ణమి వెన్నెల చేతి పట్టుకు దాదాపు చివరి హద్దు. ఆగ్రాలోని తాజ్ మహల్‌ను 2004 నుండి పౌర్ణమినాడు, దానికి ముందు రెండు రాత్రులు, తరువాత రెండు రాత్రులు చూడనిస్తున్నారు. శుక్రవారాలలోను, రంజాన్ మాసంలోను ఈ అవకాశం లేదు. ఒక్కొక్క బృందానికి ఇచ్చే సమయం అరగంట. అక్కడ దీపాలంకరణ ఉండదు. వెన్నెలే ఆధారం. ఎఫ్/1.8, ఐ.ఎస్.ఓ. 6400 వద్ద ఇటువంటి వెలుతురుకు సుమారు సెకనులో అయిదవ వంతు కావలసి వస్తుంది. స్థిరీకరణ ఉన్న కెమెరాతో ఇది సాధ్యమే. ఎఫ్/5.6 కటకంతో అయితే రెండు సెకన్లు కావాలి, కనుక ఆశ వదులుకోవడమే. లోనికి తీసుకొనిపోనిచ్చే వస్తువుల నియమాలు అక్కడ మారుతూ ఉంటాయి కనుక టికెట్టు తీసుకొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

చేతి వణుకు, వస్తువు కదలిక

చిత్రం చెదరడానికి రెండు వేరువేరు కారణాలున్నాయి. వీటిని ఒకటిగా భావించడం వలననే చాలా చిత్రాలు పాడవుతాయి. మొదటిది కెమెరా కదలడం. దీనికి ఫిల్ము కాలం నుండి ఒక స్థూల సూత్రం వాడుకలో ఉన్నది. 35 మి.మీ. చట్రం లెక్కలో కటకపు నాభ్యంతరం 50 మి.మీ. అయితే సెకనులో 50వ వంతు కంటె నెమ్మదిగా చేతితో తీయరాదు, 100 మి.మీ. అయితే 100వ వంతు. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలో నాభ్యంతరాన్ని రెండుతోను, ఏపీఎస్-సీ పరిమాణపు కెమెరాలో సుమారు ఒకటిన్నరతోను హెచ్చించి ఈ సూత్రాన్ని వాడాలి.

స్థిరీకరణ ఈ హద్దును దూరంగా జరుపుతుంది. మూడు స్టాపుల స్థిరీకరణతో 50వ వంతుకు బదులు ఆరవ వంతు, అయిదు స్టాపులతో అర సెకను దాటి కూడా తీయవచ్చునని లెక్క. తయారీదారులు చెప్పే ఈ సంఖ్యలు ప్రయోగశాల యంత్రంపై కొలిచినవి. మెట్లెక్కి ఆయాసపడుతున్న యాత్రికుని చేతిలో ఒకటి రెండు స్టాపులు తగ్గించుకోవడం మంచిది. ఆరున్నర స్టాపులకు మించడానికి భూభ్రమణమే అడ్డు వస్తున్నదని, గైరో సెన్సర్లు భూమి తిరుగుడును కూడా చేతి కదలికగా నమోదు చేస్తాయని 2016లో ఒలింపస్ ఇంజనీరు ఒకరు చెప్పారు. 2019లో ఆ సంస్థే ఏడున్నర స్టాపుల స్థిరీకరణను ప్రకటించింది.

రెండవ కారణం ఎదుటి వస్తువు కదలడం. దీనిపై స్థిరీకరణకు ఎటువంటి అధికారమూ లేదు. సామాన్యంగా నడిచే మనిషి సెకనుకు 1.4 మీటర్లు కదులుతాడు. సెకనులో ఎనిమిదవ వంతులో అది 17 సెంటీమీటర్లు. 125వ వంతులో కొంచెం ఎక్కువగా ఒక సెంటీమీటరు. మొదటి సందర్భంలో వెనుకనున్న గోడ రాయిరాయిగా స్పష్టంగా వచ్చి, ముందున్న మనిషి పొగలాగా మారిపోతాడు. కొందరు దీనిని కోరి తీస్తారు. కోరనివారు మాత్రం నిలుచున్న మనుషులకు 60వ వంతు, నడిచేవారికి 125వ వంతు కంటె నెమ్మదిగా పోకుండా ఐ.ఎస్.ఓ.ను పెంచుకోవాలి. ఆటో ఐ.ఎస్.ఓ. అమరికలో అతి తక్కువ షట్టరు వేగాన్ని నిర్ణయించే వీలు చాలా కెమెరాలలో ఉన్నది. మనుషులున్న దృశ్యానికి ఒకటి, కట్టడాలకు ఒకటి చొప్పున ముందుగానే అమర్చి పెట్టుకొంటే చీకటిలో తడుముకోవలసిన పని ఉండదు.

పట్టుకొనే విధానం

మోచేతులను పక్కటెముకలకు ఆనించి, ఎడమ అరచేతిని కటకం క్రింద ఉంచి, ఊపిరి సగం వదలి, షట్టరు మీటను నొక్కకుండా మెల్లగా అదమాలి. మెడలోని పట్టీ బిగుసుకొనేంతవరకు కెమెరాను ముందుకు చాపడం వలన కూడా నిలకడ వస్తుంది. స్తంభానికో గోడకో భుజం ఆనించితే దాదాపు ఒక స్టాపు లాభం. పిట్టగోడపై కండువాను మడతపెట్టి, దానిపై కెమెరానుంచి, రెండు సెకన్ల టైమరుతో తీస్తే అది చేతి పట్టు అనిపించుకోదేమో గాని చిత్రం మాత్రం వస్తుంది. వరుసగా మూడు నాలుగు చిత్రాలు తీయడం మరొక మంచి అలవాటు. మొదటిది మీట నొక్కిన అదురుకు, చివరిది వదలిన అదురుకు లోనవుతాయి. మధ్యవి తరచుగా స్పష్టంగా ఉంటాయి.

మిర్రర్‌లెస్ కెమెరా ప్రత్యేకతలు

అద్దం పైకి లేచే అదురు ఈ కెమెరాలలో ఉండదు. అయితే తొలి మోడళ్ళలో కొన్నింటికి వేరొక దోషముండేది. ఇవి ప్రత్యక్ష దృశ్యాన్ని చూపడానికి షట్టరు ఎప్పుడూ తెరచి ఉంటుంది కనుక, చిత్రం తీసే ముందు అది ఒకసారి మూసుకొని మరల తెరచుకోవాలి. ఈ తాకిడికి తేలికైన కెమెరా అదిరి, సెకనులో 60వ వంతు నుండి 200వ వంతు మధ్య చిత్రాలు స్వల్పంగా చెదిరేవి. షట్టరు మొదటి తెరను ఎలక్ట్రానిక్ పద్ధతికి మార్చడంతో ఈ దోషం చాలావరకు తొలగిపోయింది. పాత కెమెరాలు కొనేవారు ఈ సదుపాయం ఉన్నదో లేదో చూసుకోవాలి.

పూర్తి ఎలక్ట్రానిక్ షట్టరు నిశ్శబ్దంగా పనిచేస్తుంది. సంగీత కచేరీలోను, ప్రార్థనా స్థలంలోను ఇది ఉపయోగకరమే గాని, చాలా కెమెరాలలో సెన్సరును వరుసవరుసగా చదవడానికి కొంత సమయం పడుతుంది. భారతదేశంలో విద్యుత్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్ కనుక ట్యూబులైట్లు, చవకరకం ఎల్.ఇ.డి. దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియని ఈ మిణుకు చిత్రంలో అడ్డచారలుగా కనిపిస్తుంది. యాంత్రిక షట్టరుకు మారి, 50వ వంతు లేదా 100వ వంతు వేగాన్ని వాడితే చారలు సాధారణంగా పోతాయి. అమెరికాలో 60 హెర్ట్జ్ కనుక 60వ వంతు లేదా దానికి దగ్గరగా 125వ వంతు వాడాలి. జపానులో తూర్పు భాగం 50, పశ్చిమ భాగం 60 హెర్ట్జ్. టోక్యోలో పనిచేసిన అమరిక ఒసాకాలో పనిచేయకపోవచ్చును.

తీయబోయే చిత్రం ఎంత కాంతితో వస్తుందో వ్యూఫైండరులో ముందుగానే కనబడటం ఈ కెమెరాలలోని గొప్ప సౌలభ్యం. కాని చీకటిలో ఆ చిన్న తెర కంటికి అతి ప్రకాశవంతంగా తోచి, చిత్రం సరిపడినంత వెలుగుతో ఉన్నదనే భ్రమ కలిగిస్తుంది. తెర వెలుగును తగ్గించుకొని, హిస్టోగ్రామును నమ్మాలి.

ఫోకస్ చీకటిలో తడబడుతుంది. ఫోకస్ బిందువును నల్లని గోడపై గాక, దీపపు అంచు, దుకాణం పేరుపలక వంటి వెలుగునీడల సరిహద్దుపై ఉంచాలి. ఫోకస్ కోసం కెమెరా ముందువైపున వెలిగే చిన్న దీపాన్ని ఆపివేయడం మర్యాద. దూరపు దృశ్యాలకు అది ఎలాగూ పనిచేయదు. ఫ్లాష్ సంగతి కూడా అంతే. చిన్న కెమెరాపై ఉండే ఫ్లాష్ కొద్ది మీటర్లకు మించి చేరదు. దూరం రెట్టింపయితే దాని వెలుగు నాలుగవ వంతుకు పడిపోతుంది.

ఎక్స్‌పోజరు, రంగులు

చిత్రంలో ఎక్కువ భాగం నల్లని ఆకాశమే అయినప్పుడు కెమెరా దానిని బూడిదరంగుకు తేవడానికి ప్రయత్నించి, దీపాలను తెల్లని ముద్దలుగా మారుస్తుంది. ఎక్స్‌పోజరును ముప్పాతిక నుండి ఒక స్టాపు వరకు తగ్గిస్తే రాత్రి రాత్రిలాగే ఉంటుంది, షట్టరు వేగమూ పెరుగుతుంది. రా ఫైలుగా భద్రపరచినచో నీడలలోని వివరాలను తరువాత కొంత వెలికి తీయవచ్చును.

మన నగరాలలో ఒకప్పటి నారింజరంగు సోడియం దీపాల స్థానంలో తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. విశాఖపట్నంలో 2014 నాటి హుద్‌హుద్ తుఫాను తరువాత ఈ మార్పు పెద్దఎత్తున జరిగింది. దేశవ్యాప్తంగా 2015లో ఇందుకు ఒక ప్రభుత్వ పథకం మొదలయింది. అల్పపీడన సోడియం దీపం దాదాపు ఒకే తరంగదైర్ఘ్యపు పసుపు కాంతినిస్తుంది కనుక, దాని క్రింద తీసిన చిత్రంలో ఇతర రంగులను ఏ విధంగానూ తిరిగి రాబట్టలేము. అటువంటి చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చడమే ఉత్తమం. ఎల్.ఇ.డి. కాంతిలో రంగులు సరిచేయడం సులభమే గాని, పాత చిత్రాలలోని రాత్రి వెచ్చదనం వీటిలో రాదు.

సమయం కూడా ముఖ్యమే. సూర్యాస్తమయం తరువాత ఆకాశం ముదురు నీలంగా ఉండే సమయంలో దీపాలకు, ఆకాశానికి మధ్య తేడా తక్కువగా ఉండి చిత్రాలు చక్కగా వస్తాయి. హైదరాబాదు అక్షాంశంలో ఈ సంధ్య సుమారు 22 నుండి 25 నిమిషాలు మాత్రమే. లండనులో జూన్ నెలలో అది ముప్పావు గంట ఉంటుంది. ఐరోపా రచయితల పుస్తకాలలోని సమయాలను నమ్ముకొని చార్మినారు వద్ద తీరికగా టీ తాగేవారు ఆ నీలాన్ని కోల్పోతారు.

ఒక ఉదాహరణ: దశాశ్వమేధ ఘాట్ హారతి

తెలుగు యాత్రికులు విశేషంగా వెళ్ళే కాశీలో ప్రతి సాయంత్రం దశాశ్వమేధ ఘాట్ వద్ద గంగా హారతి జరుగుతుంది. ఈ వ్యాసంలో చెప్పిన చిక్కులన్నీ ఇక్కడ ఒకేచోట ఎదురవుతాయి. మెట్లపై ట్రైపాడ్‌కు చోటుండదు. అర్చకుల చేతులలోని హారతులు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. హారతి జ్వాలకు, దాని వెలుగులో కనిపించే ముఖానికి మధ్య నాలుగైదు స్టాపుల తేడా సామాన్యం. పొగ ఫోకస్‌ను తప్పుదారి పట్టిస్తుంది.

ఇక్కడ జ్వాలను తెల్లబోనిచ్చి ముఖాన్ని దక్కించుకోవడమే సరైన ఎంపిక. జ్వాల రంగు కాపాడాలని ఎక్స్‌పోజరు తగ్గిస్తే చివరకు నల్లని పటంపై నాలుగు నిప్పుకణాలు మాత్రమే మిగులుతాయి. ఎఫ్/1.8, ఐ.ఎస్.ఓ. 1600 నుండి 3200, సెకనులో 125వ వంతుతో మొదలుపెట్టి చూడవచ్చును. హారతి ఒక అంచుకు చేరి దిశ మారే క్షణంలో చేయి దాదాపు ఆగుతుంది. ఆ లయను రెండు మూడు ఆవృత్తులు గమనించి అప్పుడు మీట నొక్కితే తక్కువ వేగంతోనూ స్పష్టత వస్తుంది. పడవ నుండి తీసేవారికి దృశ్యం విశాలంగా కనిపించినా, పడవ ఊగిసలాట పెద్దది, నెమ్మదైనది కనుక స్థిరీకరణ దానిని పూర్తిగా ఆపలేదు. అక్కడ కూడా 125వ వంతు కంటె దిగకపోవడమే క్షేమం. సమీపంలోనే ఉన్న మణికర్ణికా ఘాట్ వైపు పడవ మళ్ళినప్పుడు కెమెరాను సంచిలో పెట్టుకోవాలి. అక్కడ రాత్రింబవళ్ళు దహనాలు జరుగుతూనే ఉంటాయి. చితిమంటల వెలుగు చిత్రానికి ఎంత అనువైనదైనా ఆ చుట్టూ ఉన్నది దుఃఖంలో ఉన్న కుటుంబాలు.

అనేక చిత్రాల కలయిక

ఒకే దృశ్యాన్ని వరుసగా అనేకసార్లు తీసి, వాటిని ఒకదానిపై ఒకటి సరిపెట్టి సగటు తీయడం వలన నాయిస్ తగ్గుతుంది. ఈ తగ్గుదల చిత్రాల సంఖ్య వర్గమూలాన్ని అనుసరిస్తుంది. నాలుగు చిత్రాలతో సగానికి, పదహారింటితో నాలుగవ వంతుకు. సోనీ సంస్థ 2009 నుండి తన కెమెరాలలో ఆరు చిత్రాలను ఇలా కలిపే ఏర్పాటును ప్రవేశపెట్టింది. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో వచ్చిన రాత్రి విధానం కూడా ఈ సూత్రంపైనే ఆధారపడినది. కదలని కట్టడాల విషయంలో సాధారణ జూమ్ కటకమున్న మిర్రర్‌లెస్ కెమెరా కంటె మంచి ఫోనే మెరుగైన చిత్రాన్ని ఇవ్వవచ్చునన్నది కెమెరా అభిమానులకు రుచించని నిజం. మనుషులు కదులుతున్న దృశ్యంలో మాత్రం కలయిక పద్ధతి తడబడుతుంది. వెడల్పు ఎపర్చరుతో ఒకే క్షణంలో పట్టిన చిత్రం ఇప్పటికీ అక్కడ ముందుంటుంది.

అనుమతులు, హక్కులు

భారత పురావస్తు సర్వేక్షణ ఆధీనంలోని కట్టడాలలో ట్రైపాడ్ వాడకానికి ముందుగా అనుమతి పొందాలి. చేతి కెమెరాకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. తిరుమల వంటి అనేక దేవాలయాల లోపల కెమెరాలకే అనుమతి లేదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న కట్టడాలు, శిల్పాల ఛాయాచిత్రాలు తీసి ప్రచురించడానికి భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను వీలు కల్పిస్తుంది. అన్ని దేశాలలోనూ ఇలా లేదు. పారిస్‌లోని ఈఫిల్ టవరును నిర్మించిన గుస్తావ్ ఈఫిల్ 1923లో మరణించినందున కట్టడంపై హక్కులు ఎప్పుడో తీరిపోయాయి. కాని దాని రాత్రి దీపాలంకరణ వేరొక కళాకృతిగా హక్కుల పరిధిలో ఉన్నది. సొంతానికి తీసుకొనే చిత్రాలకు ఇబ్బంది లేకపోయినా, రాత్రి చిత్రాలను వ్యాపారానికి వాడదలచినవారు టవరు నిర్వాహక సంస్థ అనుమతి పొందవలసి ఉంటుంది. పగటి చిత్రాలకు ఈ నిబంధన లేదు.